కాలము, ముక్తి: ఒకే పానవట్టము

గోదావరీ ప్రాణహితలు కలియుచోట, అంతర్వాహినియైన సరస్వతితో త్రివేణీ సంగమముగా ప్రసిద్ధి చెందిన కాళేశ్వర క్షేత్రమున, ఒకే పానవట్టముపై రెండు లింగములు దర్శనమిచ్చును. ఒకటి యమరూపుడైన కాళేశ్వరుడు. రెండవది శివరూపుడైన ముక్తీశ్వరుడు. ముందు కాళేశ్వరుని, పిదప ముక్తీశ్వరుని అర్చించుట ఇక్కడి ఆచారము. కాలనియమమును, స్వేచ్ఛను వేరుచేయరాదను భావము ఇందు స్ఫురించును.

ఈ భావము నేటి గృహస్థుల ధర్మసందేహమొకదానికి దారి చూపగలదు. అవయవమార్పిడి పొందిన యువకుడు మందులు వేళకు వాడనపుడు పెద్దల కర్తవ్యమేమి?

1954లో బోస్టన్ నగరమున డాక్టర్ జోసెఫ్ మరే బృందము తొలిసారి విజయవంతముగా మూత్రపిండమును మార్చెను. దాతయు గ్రహీతయు ఏకరూప కవలలగుటచే ఆ దేహము కొత్త అవయవమును పరాయిదిగా ఎంచలేదు. తక్కినవారి విషయమట్లు కాదు. దేహరక్షణకై యున్న శక్తియే, ప్రాణము నిలిపిన అవయవముపై దాడి చేయును. దానిని అణచు మందులను అవయవము పనిచేయునంతకాలము వాడవలెను. వానిలో ముఖ్యమైన టాక్రోలిమస్‌ను సాధారణముగా 12 గంటలకొకసారి ఇత్తురు. పలుమార్లు వేళ తప్పినచో తల్లి ఇచ్చిన మూత్రపిండమైనను నశించి, బిడ్డ మరల డయాలిసిస్ పాలగును.

యౌవనమున ఈ ప్రమాదమధికము. దానికి కృతఘ్నతయే కారణమనుట తగదు. బాధ లేదు గనుక రోగము లేదనిపించును. స్టెరాయిడ్లచే ముఖముబ్బి అద్దము చూచుటకు సిగ్గు కలుగును. స్నేహితుల యెదుట మాత్ర మ్రింగుటకు మనసొప్పదు. నిన్నటివరకు తల్లి చూచుకొన్న పని ఒక్కసారిగా తనపై పడును.

“దాత ఋణము మరచితివా?” అని మందలించుట సులభము. కాని బెదరిన బిడ్డ మాత్ర మ్రింగకయే మ్రింగితినని చెప్పును. ఆ మాట నమ్మి వైద్యుడు పొరబడును. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన జీవన్‌దాన్ పథకము ద్వారా, గతించిన తమవారి అవయవములనిచ్చు కుటుంబములు ప్రతిఫలము కోరవు. కోరని ఋణమును బిడ్డ మెడకు కట్టుట దానధర్మము కాదు.

“ఎవరికైనను ఒక్కొక్కసారి తప్పును, నీకే వేళ కష్టముగా నున్నది?” అని అడిగినచో నిజము బయటపడును. పిదప ఉపాయము దొరకును: దంతధావనమువంటి నిత్యకృత్యముతో మాత్రను ముడివేయుట, ఫోనులో గంట పెట్టుట, వారమునకు సరిపడు మాత్రల డబ్బీ సర్దుకొనుట, దినమునకొకసారి చాలు మందు తగునేమో వైద్యుని అడుగుట. బాధ్యతను చిన్ననాటి నుండియే కొంచెము కొంచెముగా అప్పగించవలెను.

చేయి బిగించుట రక్షణ కాదు. చేయి విడుచుట స్వేచ్ఛ కాదు. వేళను పాటించుట తన బ్రతుకును తాను ఏలుకొనుటయే యని బిడ్డ గ్రహించువరకు ప్రక్కన నడచుటయే పెద్దల ధర్మము. ఒకే పీఠముపై వెలసిన కాళేశ్వర ముక్తీశ్వరులు అట్టి ఓర్పును ప్రసాదింతురు గాక!