తల్లిగారిల్లు దూరమైన చోట

తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ. ఆ ఇల్లు రాష్ట్రం అవతల ఉన్న ఆడబిడ్డకు ఆ ధర్మం ఎవరు చెయ్యాలి? ఏఎన్‌ఎంగా ఘట్‌కేసర్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకూ, ఉప్పల్, నాచారం వైపు బిల్డింగు పనుల దగ్గరి గుడిసెలకూ తిరిగినన్నాళ్లూ నన్ను వదలని ప్రశ్న ఇది.

బట్టీ పని చలికాలంలో మొదలై వానలదాకా సాగుతుంది. ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి వచ్చే కుటుంబాలు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటాయి. కూలి వెయ్యి ఇటుకల లెక్కన కట్టిస్తారు. ఇంట్లోని గర్భిణి దవాఖానకు పోయిన రోజు ఇంటిల్లిపాదికీ ఆ మేరకు కూలి తగ్గుతుంది. అందుకే నెలలు నిండినా మట్టి పని మానదు.

ఒక బట్టీలో పచ్చి ఇటుకలు పేర్చి తార్పాలిన్ కప్పిన గుడిసెలోకి వంగి వెళ్లాను. లోపలున్న గర్భిణి పాలిథిన్ కవర్లోంచి తన ఊళ్లో ఇచ్చిన కార్డు తీసింది. ఒడియా అక్షరాలు నాకు రావు, అంకెలు చదివాను. హిమోగ్లోబిన్ 7.2. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయింది. పాదాలు వాచాయి. "నొప్పులొస్తే ఎటు పోతవమ్మా?" అంటే మేస్త్రీ వైపు చూసింది. "ఆమె రాత మేడమ్, ఏం చేస్తం" అన్నాడతను. ఆ రోజే ఆమె పేరు రిజిస్టర్లో రాసుకుని దవాఖానకు పంపాను. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది.

నేనూ దేవుణ్ని నమ్మే మనిషినే. నా కష్టానికి నేను రాత అనుకుంటే ఓర్పు వస్తుంది. ఎదుటివాళ్ల కష్టానికి ఆ మాట అంటే నా చేతులు కట్టుకుని కూర్చుంటాను. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఉంది, ఎక్కించడానికి రక్తం ఉంది, పిలిస్తే 108 ఉంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సర్కారు దవాఖానలో కాన్పు, మందులు, రక్తం, రవాణా అన్నీ ఉచితమే. ఇన్ని ఉండీ ఆమెదాకా చేరకపోతే ఆ తప్పు బ్రహ్మ మీద వెయ్యడం పాపం.

నిండు చూలాలైన సీతకు వాల్మీకి ఆశ్రమం తల్లిగారిల్లయింది. జనసంఖ్యలో పేరు రాయించుకోవడానికి బేత్లెహేము వెళ్లిన మరియమ్మకు సత్రంలో చోటు దొరకలేదు. ఖురాన్‌లో మర్యం ఒంటరిగా ఖర్జూర చెట్టు మొదట్లో నొప్పులు పడింది. దేవుడు నీళ్లూ పండ్లూ చూపించాడు. గుడిలో, చర్చిలో, మసీదులో మనం భక్తితో తలుచుకునే ఈ తల్లులు సొంతింట్లో కన్నవాళ్లు కారు.

"మనవాళ్లకే సరిపోవట్లేదు, బయటివాళ్లకెక్కడ?" అంటారు కొందరు. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే, తెలంగాణలో 43. మనకు చేతనవునని ఆ అంకే చెబుతోంది. నొప్పులు మొదలైన ఊరే ఆ తల్లికి తల్లిగారి ఊరని నేను నమ్ముతాను. అందుకే బట్టీ రాజుకున్న మొదటి వారంలోనే అక్కడి గర్భిణుల పేర్లు మన రిజిస్టర్లో ఎక్కాలి. పరీక్షకు పోయిన రోజు కూలి యజమాని కోయకూడదు.