తిన్నడు ముందు మందు వెతికాడు

చూపు పోయినవారి గురించి మన ఊళ్లలో సులువుగా వచ్చే మాట పూర్వజన్మ కర్మ. చిట్టమూరు, కోట, వాకాడు వైపు నుంచి జనం మొక్కులు తీర్చుకోను వెళ్లే శ్రీకాళహస్తిలో నిలిచిన కథ వేరు. శివుడి కంట నెత్తురు చూసి బోయ తిన్నడు తన కన్ను పెకలించి ఇచ్చాడు, కన్నప్ప అయ్యాడు. మనం ఆ ఘట్టం దగ్గరే ఆగిపోయి దానికి ముందున్నది మరిచిపోతాం. 12వ శతాబ్దంలో శేక్కిళారు తమిళంలో రాసిన పెరియపురాణంలో తిన్నడు మొదట మూలికలు తెచ్చి ఆ కంటికి వైద్యం చేస్తాడు. అది పనిచేయకపోయాకే కన్ను ఇస్తాడు. దేవుడి కంటికే మందు వెతికిన భక్తుణ్ని కొలుస్తూ సాటి మనిషి కంటిని కర్మకు వదిలేయడం భక్తి కాదు.

కర్మను నమ్మేవారు నమ్మకం వదులుకోనక్కర్లేదు. ఆకలి కర్మఫలమే అనుకున్నా వచ్చినవాడికి అన్నం పెట్టడం మానం కదా. మన దేశంలో అంధత్వానికి అన్నిటికన్నా పెద్ద కారణం శుక్లం. కొద్ది నిమిషాల ఆపరేషన్‌తో ఆ చూపు తిరిగి వస్తుంది. వరికోతల్లో ఆకు కంటికి గీసుకుంటే ఆ పుండుకు బూజు చేరి నల్లగుడ్డు మీద పువ్వు వేస్తుంది. ఆకుపసరు పిండితే ఇంకా ముదురుతుంది, వెంటనే డాక్టరుకు చూపిస్తే చాలా కళ్లు దక్కుతాయి. ఒకే గాయానికి ఒకరి కన్ను పోయి ఇంకొకరి కన్ను నిలిస్తే, ఆ తేడా గతజన్మది కాదు, ఆస్పత్రి ఎంత దూరమన్నది. గుల్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, పల్లె యువతకే శిక్షణ ఇచ్చి ఊళ్లలో విజన్ సెంటర్లు నడపడం ఈ దూరాన్ని తగ్గించడానికే. వరి పండే ప్రతి మండలానికీ అలాంటి చోటు ఒకటి కావాలి.

పువ్వు వేసిన కంటికి చనిపోయినవారి కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అమరుస్తారు. ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది: కళ్లు తీసి కాటికి పంపితే మరుజన్మలో గుడ్డితనం వస్తుందని. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, చావింట్లో అది నిజమైన బాధ. కానీ శరీరం వేరు, ఆత్మ వేరు అని చెప్పేది మన ధర్మమే. చితి మీద కన్నూ మిగలదు. పునర్జన్మను మనలాగే నమ్మే శ్రీలంక బౌద్ధులు, యాచకుడికి కళ్లిచ్చిన శిబి జాతక కథను తలచుకుని, 1961లో హడ్సన్ సిల్వా నెలకొల్పిన నేత్రదాన సంఘం ద్వారా ఎన్నో దేశాలకు కార్నియాలు పంపారు. నమ్మకం ఒక్కటే, దాని నుంచి వాళ్లు దానం దాకా నడిచారు.

నీటికాసులతో పోయిన చూపు మాత్రం ఏ దానంతోనూ రాదు. అలా చూపు పోయినవారికి పింఛనుతో సరిపెట్టకుండా చేతికర్రతో నడక, బ్రెయిలీ, చేయదగిన పని నేర్పించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చదువునూ ఉద్యోగంలో సమాన అవకాశాన్నీ వారికి హక్కుగానే ఇచ్చింది, దయగా కాదు.

నేత్రదానానికి వయసు అడ్డు కాదు, కళ్లజోడూ మధుమేహమూ అడ్డు కావు. మరణించాక ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలి, అందుకు ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. కాబట్టి మీ కోరికను పత్రం మీద రాసి ఊరుకోకండి, ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పండి.