ఎదుటివారి మరపు, ఇచ్చిన మాట

ఒక మాటలోని ప్రతి పదమూ నిజమే అయినా ఆ మాట మొత్తంగా అసత్యం కాగలదా అన్నది సత్యవ్రతాన్ని గురించి లోతుగా ఆలోచించినవారికి తప్పని ప్రశ్న. 2000 దశకంలో బ్రిటన్‌లో మొబైల్ ఫోన్ ఒప్పందాలతో పాటు వ్యాపించిన క్యాష్‌బ్యాక్ పద్ధతి, అంటే కట్టిన సొమ్ములో కొంత భాగాన్ని తర్వాత తిరిగి ఇస్తామన్న వాగ్దానం, ఈ ప్రశ్నను వ్యవహారంలో పెట్టి పరీక్షించింది.

ఈ క్యాష్‌బ్యాక్ రెండు రకాలు. మొదటిది వినియోగదారుడు ఏమీ చేయకుండానే తనంతట తానుగా అందేది. రెండవది గడువులోగా అడిగినవారికే దక్కేది. ఈ రెండవ రకంలో ఒప్పందాలు నిజానికి రెండు: నెలనెలా రుసుము కట్టే ఒప్పందం ఫోన్ నెట్‌వర్క్ సంస్థతో, సొమ్ము తిరిగి ఇస్తానన్న మాట దాన్ని అమ్మిపెట్టిన దుకాణదారుతో. దుకాణదారుకు నెట్‌వర్క్ నుంచి కమీషను ముందే ముడుతుంది. వినియోగదారుకు రావలసింది మాత్రం నెలల తర్వాత, విడతలుగా వస్తుంది. ఉదాహరణకు నెలకు 30 పౌండ్ల చొప్పున 12 నెలలకు 360 పౌండ్లు కట్టే వ్యక్తికి 300 పౌండ్లు తిరిగి వస్తాయని చెప్పి, ఆ మొత్తాన్ని నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండవ నెలల బిల్లులు పంపినప్పుడు 60 పౌండ్ల చొప్పున ఇస్తామని షరతు పెట్టారనుకుంటే, అతనికి ఏడాది ఖర్చు 60 పౌండ్లే అనిపిస్తుంది. కానీ బిల్లు అసలు ప్రతి కావాలనీ, నిర్ణీత రోజుల్లోగా అందాలనీ, మధ్యలో ప్లాన్ మారితే హక్కు పోతుందనీ, ఒక్క విడత తప్పితే మిగిలినవీ రద్దనీ చిన్న అక్షరాల్లో ఉండే సందర్భాలు తక్కువేమీ కావు. కొందరు మరచిపోతారన్న లెక్క ఆ ధరలోనే ఇమిడి ఉంటుంది.

జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో వెలువరించిన నీతిశాస్త్ర గ్రంథంలో, తీర్చే ఉద్దేశం లేకుండానే తీరుస్తానని మాట ఇచ్చి అప్పు పుచ్చుకునే మనిషిని ఉదాహరణగా తీసుకుని, అందరూ అలాగే చేస్తే వాగ్దానమన్నదానికే అర్థం ఉండదని వాదించాడు. ఈ దుకాణదారు ఆ ఉదాహరణకు పూర్తిగా లొంగడు, ఎందుకంటే అడిగితే ఇవ్వడానికి అతను సిద్ధమే. అడగకపోతే బాగుండునన్నదే అతని ఆశ. ఈ సూక్ష్మమైన దోషానికి సరిగ్గా పేరు పెట్టినది జైన ధర్మం. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం సత్యవ్రతానికి చెప్పిన అయిదు అతిచారాల్లో, అంటే వ్రతం పూర్తిగా భంగం కాకపోయినా దానికి మచ్చ తెచ్చే పనుల్లో, న్యాసాపహారం ఒకటి. న్యాసం అంటే నమ్మి దాచిన సొమ్ము. పూజ్యపాదుడు సర్వార్థసిద్ధి వ్యాఖ్యలో దీన్ని వివరిస్తూ, బంగారం దాచుకున్న మనిషి లెక్క మరచి తక్కువ అడిగినప్పుడు దాచినవాడు అవునని ఒప్పుకుని అంతే ఇవ్వడమే ఈ దోషమన్నాడు. అక్కడ దొంగిలించిన చెయ్యి లేదు, కల్పించిన కథా లేదు. ఎదుటివాడి మరపుకు పలికిన ఒక్క అంగీకారం ఉంది. అందుకే అది అస్తేయవ్రతం కింద కాక సత్యవ్రతం కింద చేరింది.

షరతులు ముందే చెప్పినప్పుడు మరచినవాడిదే తప్పు కదా అనే ఆక్షేపణను తేలికగా తోసివేయలేము. ఫోన్ నిజంగా వాడుకలో ఉందని చూపడానికి ఒక బిల్లు అడగడం న్యాయమే. అయితే సాక్ష్యం కోసం పెట్టిన షరతు వేరు, తప్పిపోవడం కోసం పెట్టిన షరతు వేరు. అందరూ షరతును నెరవేరిస్తే ఇచ్చినవాడు సంతోషిస్తాడా, దివాలా తీస్తాడా అన్నదే ఆ తేడాను పట్టి ఇచ్చే గీటురాయి. బ్రిటన్‌లో ఆ రోజుల్లో కొన్ని దుకాణాలు మూతబడ్డప్పుడు క్యాష్‌బ్యాక్ ఆగిపోయింది గాని, నెట్‌వర్క్‌కు కట్టవలసిన నెలసరి రుసుము ఆగలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మార్గదర్శకత్వంలో 2007లో స్వచ్ఛంద నియమావళి, అది చాలక 2009లో తప్పనిసరి నిబంధన వచ్చాయి. క్యాష్‌బ్యాక్ వంటి ప్రోత్సాహకాల షరతులు మితిమీరి కఠినంగా ఉండరాదన్నది అందులో ఒక అంశం.

పుచ్చుకునేవారికీ ఇందులో ధర్మం ఉంది. తెలుగులో ఇప్పుడు ఆపద అనే అర్థంలో వాడే ప్రమాదమనే మాటకు మూలార్థం ఏమరుపాటు. తత్త్వార్థసూత్రం కర్మబంధానికి చెప్పిన కారణాల్లో అదీ ఒకటి. కాబట్టి తిరిగి వస్తుందన్న సొమ్ము అసలు రాకపోయినా నెలసరి రుసుము భరించగలమా అని ముందే చూసుకోవడం, షరతుల కాగితం దాచుకోవడం, గడువు తేదీలన్నీ ఒప్పందం చేసిన రోజే క్యాలెండరులో గుర్తుపెట్టుకోవడం, ప్రతి బిల్లుకూ నకలు తీసి పెట్టుకుని అసలును అందినట్టు రుజువు ఉండే తపాలాలో పంపడం, సొమ్ము రాకపోతే లిఖితపూర్వకంగా అడిగి, అవసరమైతే చిన్న మొత్తాల దావాలు చూసే న్యాయస్థానం దాకా వెళ్ళడం లోభం అనిపించుకోవు. అవి ఏమరుపాటు లేని నడవడి.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. మరచినవారు వదులుకున్న సొమ్ములోంచే జాగ్రత్తపరుడి వాటా వస్తున్నప్పుడు, అతనూ ఎదుటివారి మరపు మీదే లాభపడుతున్నాడు. తన హక్కు వదులుకోవడం దీనికి పరిహారం కాదు, ఎందుకంటే అలా వదిలిన సొమ్ము దుకాణదారుకే మిగులుతుంది. పూజ్యపాదుడి ఉదాహరణను తిరగేస్తే దారి కనిపిస్తుంది: తక్కువ అడిగినవాడికి, నీవు దాచింది ఇంకా ఎక్కువని చెప్పడమే అక్కడ సత్యం. అదే ఒప్పందం చేసుకున్న బంధువుకో పక్కింటివారికో ఆరో నెల బిల్లు పంపే గడువు దగ్గరపడిందని గుర్తుచేసేవాడు, ఎవరి మరపుకూ అవునని పలకని సత్యవ్రతాన్ని తన వంతుగా పాటించినవాడవుతాడు.