పేరు పేరునా లెక్క

చదవవలసిన వాక్యభాగం: సంఖ్యాకాండము 4:29–33, 7:6–9

సంఖ్యాకాండం నాలుగో అధ్యాయాన్ని చాలామంది గబగబా చదివేస్తారు. ఎవరు ఏం మొయ్యాలి, ఏ వంశంలో ఎంతమంది, ఎవరి చేతికింద పనిచేయాలి, అన్నీ ఇవే వివరాలు. నాకు మాత్రం ఇందులో లేవీయుల మూడు వంశాల్లో ఒకటైన మెరారీయుల భాగం ఎంతో ఇష్టం. ఎడారిలో దేవుని గుడారం కదిలినప్పుడల్లా కహాతీయులు మందసాన్నీ దీపవృక్షాన్నీ బలిపీఠాలనూ భుజాలకెత్తుకున్నారు. గెర్షోనీయులకు తెరలూ పైకప్పులూ అప్పజెప్పారు. మెరారీయుల వంతుకు పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, వాటి కింది దిమ్మలు, మేకులు, తాళ్లు వచ్చాయి. ముప్పై ఏళ్ల నుంచి యాభై ఏళ్ల దాకా వయసున్నవాళ్లు 3,200 మంది ఆ పనికి నిలబడ్డారు. వాళ్ల మీద అజమాయిషీ అహరోను కొడుకు ఈతామారుది. వాళ్లు మొయ్యవలసిన సామానును పేరు పేరునా లెక్కచూసి అప్పగించమని దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. ఈ అధ్యాయంలో ఆ ఆజ్ఞ మందసం దగ్గర కనిపించదు. మేకుల దగ్గర, తాళ్ల దగ్గర కనిపిస్తుంది.

ఆ లెక్క ఎందుకో నాకు ట్రాక్టరు షెడ్డులో బోధపడింది.

డల్లాస్ నగరానికి అవతల మా తెలుగు సంఘానికి కొంత స్థలం ఉంది. ఆ స్థలంతోపాటే పాత కుబోటా ట్రాక్టరు ఒకటి మా చేతికొచ్చింది. ముందు మట్టి ఎత్తే లోడర్ బకెట్టు, వెనక తవ్వే బ్యాక్‌హో. మన ఊళ్లో చూస్తే దీన్నీ జేసీబీ అనేస్తారు గానీ ఇది చాలా చిన్న బండి. ఇరవై చిల్లర హార్స్‌పవర్, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను. జపాన్‌లో చిన్న కమతాల కోసం రూపొందిన ట్రాక్టర్ల సంతతి ఇది. 1969లో కుబోటా అమెరికాలో అమ్మడం మొదలుపెట్టిన ఎల్200 కూడా 21 హార్స్‌పవరే. ఇంత చిన్న బండీ మా ఆవరణలో వాననీటి కాలువలు తీసింది, దారికి కంకర పరిచింది, బాప్తిస్మపు తొట్టికి గొయ్యి తవ్వింది. ఏళ్లు మీదపడ్డా పొద్దున్నే తాళం తిప్పగానే అందుకుంటుంది. అందుకు కారణం మా బాబాయి.

సొంత బాబాయి కారు. సంఘంలో కుర్రాళ్లందరికీ ఆయన బాబాయే. వయసులో ఉన్నప్పుడు తెనాలి దగ్గర ట్రాక్టర్ల షెడ్డులో పని నేర్చుకున్నారు, కొడుకు ఇక్కడ ఉండడంతో ఇక్కడికి వచ్చేశారు. బండి పని అయిపోయాక మిగతావాళ్లం చేతులు కడుక్కుని భోజనాలకు వెళ్తుంటే ఆయన గ్రీజు గన్ను పట్టుకుని బండి కిందికి వంగుతారు.

ఇక్కడి నేల నల్లరేగడి. గుంటూరు, కర్నూలు వైపు రైతులకు దీని గుణం వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలు, వానపడితే కాలు తియ్యనివ్వని బంక. టెక్సాస్ రాష్ట్రపు నేలగా చెప్పుకునే హ్యూస్టన్ బ్లాక్ కూడా ఈ జాతి మట్టే. ఆ బంకమట్టి బ్యాక్‌హో కీళ్లన్నిటికీ పట్టేస్తుంది. ఈ కీళ్లు ఎన్నో ఉంటాయి. తవ్వే చేతిని కుడికీ ఎడమకీ తిప్పే పెద్ద కీలు ట్రాక్టరు వెనకాలే ఉంటుంది. బూమ్ మొదట్లో ఒకటి, బూమ్‌కీ దాని ముందు చేతికీ మధ్య ఒకటి, ఆ చేతికీ బకెట్టుకీ మధ్య ఒకటి, ఇవిగాక ప్రతి హైడ్రాలిక్ సిలిండరుకూ రెండు కొసల్లోనూ. ప్రతి కీలులో ఒక ఉక్కు పిన్ను, దాని చుట్టూ బుష్షు, గ్రీజు ఎక్కించడానికి చిటికెనవేలి గోరంత నిప్పిల్. బురదలో దిగిన రోజు ప్రతిదానికీ గ్రీజు పడాల్సిందే.

బాబాయి చేసే తీరు చూడాలి. బకెట్టును నేలకు ఆనించి, పిన్నుల మీద బరువు తగ్గేట్టు చేసి, ఇంజను ఆపుతారు. పిన్నుకు బరువు పడే వైపు బిగుసుకుని ఉంటే అక్కడికి గ్రీజు చేరదు కదా. తర్వాత నిప్పిల్‌ను గుడ్డతో తుడుస్తారు. తుడవకుండా గన్ను పెడితే దాని మీది మట్టిని మనమే లోపలికి నెట్టినట్టు. అప్పుడు మెల్లగా నొక్కుతారు. ముందు అంచుల్లోంచి పాత గ్రీజు వస్తుంది, నల్లగా, వేళ్ల మధ్య నలిపితే ఇసుక గరగరమంటూ. ఆ నలుపంతా పోయి శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా నొక్కుతూనే ఉంటారు. ఒకచోట గ్రీజు లోపలికి పోకుండా గన్ను పక్కనుంచే కారిపోతుంటే మా కుర్రాడొకడు, “పర్లేదు బాబాయ్, పైన పూశాం కదా” అన్నాడు. ఆయన నిప్పిల్ విప్పి, కొత్తది బిగించి, మళ్లీ గన్ను పెట్టి అన్నారు: “పైన పూసింది మనం చూడటానికి అబ్బాయ్. పిన్నుకి కావలసింది లోపల.”

పిన్ను ఎండిపోతే పర్యవసానం వెంటనే తెలియదు. బండి తవ్వుతూనే ఉంటుంది. ఉక్కు ఉక్కును తింటూ, గుండ్రటి రంధ్రం కోలగా అరిగిపోతుంది. ఒకనాటికి తవ్వే చెయ్యి వదులై ఊగుతుంది, ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా కాలువ గట్టు తిన్నగా తియ్యలేడు. ఆ రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్లీ బోరింగ్ చేయించాలంటే ఎన్ని గ్రీజు డబ్బాల ఖరీదో.

ఇప్పుడు గుడారం దిమ్మల దగ్గరికి వద్దాం. నిర్గమకాండం 38:25–27 చదవండి. వెండి దిమ్మలు నూరు, ఒక్కొక్కటి ఒక తలాంతు, అంటే ముప్పై కిలోల పైమాటే. పలకకు రెండేసి చొప్పున బంగారు రేకు తొడిగిన పలకలన్నీ వాటిమీదే నిలబడ్డాయి. గుడారం నిలిపాక కంటికి బంగారం కనిపిస్తుంది, రంగురంగుల తెరలు కనిపిస్తాయి. వెండి మాత్రం అడుగున, ఎడారి ఇసుకలో. ఆ వెండి ఎక్కడిది? లెక్కలో చేరిన 6,03,550 మంది మనిషికి అరతులం చొప్పున ఇచ్చింది. ఉన్నవాడు ఎక్కువ ఇవ్వకూడదు, లేనివాడు తక్కువ ఇవ్వకూడదు. ప్రతివాడి అరతులమూ కరిగి, ఎవరిది ఏదో తెలియకుండా కలిసిపోయి, దేవుని నివాసానికి అడుగున ఆధారమైంది. ఇది తలచుకున్నప్పుడల్లా నా మనసు నిండిపోతుంది. అందరి కానుకా కలిసిన ఆ బరువును మోసే భాగ్యం మెరారీయులది.

నూరు తలాంతులంటే మూడు టన్నులు దాటుతుంది. పలకలూ స్తంభాలూ అదనం. ఆ బరువు దేవుడికి తెలుసు. సంఖ్యాకాండం ఏడో అధ్యాయంలో ఇశ్రాయేలు ప్రధానులు తెచ్చిన బండ్లను పంచేటప్పుడు గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు వచ్చాయి. మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. ఎవరి పనికి తగ్గట్టు వాళ్లకి. పని అప్పగించినవాడు పనిముట్టు కూడా ఇచ్చాడు. పాత ట్రాక్టరును నేను ఆ దృష్టితోనే చూస్తాను. నడుములు విరిగే మట్టిపనికి దేవుడు పంపిన బండి అది. పంపినదాన్ని ఎండబెట్టి, తుప్పు పట్టించి, ఇంకోటి ఇమ్మని అడగడం భక్తి అనిపించుకోదని నా గట్టి నమ్మకం.

అందరి కళ్లకూ ఆనకపోయినా అందరి ప్రాణాలనూ కాచే పనులు ఇంకొన్ని ఉన్నాయి. ఇలాంటి చిన్న ట్రాక్టరుకు బ్యాక్‌హోను వెనక నాగలి తగిలించే లింకులకు తగిలించి వదిలెయ్యకూడదు. ట్రాక్టరు కింద పొడవునా పోయే ఉక్కు చట్రానికి బిగించాలి. లేకపోతే తవ్వే ఒత్తిడికి ట్రాక్టరు వెనక భాగం పగలవచ్చు, బ్యాక్‌హో పైకి లేచి సీటులో ఉన్న మనిషిని నలిపెయ్యవచ్చు. హైడ్రాలిక్ పైపుల్లో నూనె చదరపు అంగుళానికి దాదాపు 2,000 పౌండ్లు, అంతకు మించిన ఒత్తిడితో పరుగెడుతుంది. పైపుకు సూదిమొనంత చిల్లు పడితే ఆ నూనె కంటికి కనిపించనంత సన్నగా చిమ్మి చర్మంలోకి దూరిపోతుంది. గాయం పైకి చీమ కుట్టినంతే ఉంటుంది, ఆలస్యం చేస్తే వేలో చెయ్యో తీసెయ్యాల్సి వస్తుంది. అందుకే లీకును చేత్తో తడిమి వెతకకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఇక ఇక్కడ ఎవరైనా గొయ్యి తవ్వే కొద్ది రోజుల ముందే 811కు ఫోన్ చేయాలి. 2007 నుంచి అమెరికా అంతటికీ అదే నంబరు. మనుషులు వచ్చి భూమిలో కరెంటు పోయేచోట ఎర్రగా, గ్యాసు పోయేచోట పసుపుపచ్చగా, నీళ్ల గొట్టం ఉన్నచోట నీలంగా గుర్తులు పెట్టి పోతారు.

కొత్త ఇల్లు కడితే పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టమని ద్వితీయోపదేశకాండం 22:8 చెబుతోంది, ఎవరైనా పడి చస్తే ఆ దోషం ఇంటిమీదికి రాకుండా. చట్రం బోల్టులు బిగించడం, అట్టముక్కతో లీకు వెతకడం, తవ్వేముందు ఫోన్ చేయడం ఈనాటి పిట్టగోడలు. వీటిని ఆరాధన నుంచి విడదీసి చూడటం నాకు చేతకాదు. పొరుగువాణ్ని ప్రేమించమన్న ఆజ్ఞ షెడ్డులోనూ అమల్లోనే ఉంటుంది.

ప్రభువా, మేము మేకులనుకున్నవాటిని నీవు పేరు పెట్టి లెక్కించావు. ఈ రోజు మా చేతికి వచ్చిన పనిలో పైపూతతో తృప్తి పడకుండా కాపాడు. బరువు మోసేవాళ్లకు తగిన బండ్లను ఇయ్యి. వాళ్ల పేర్లు మాకు గుర్తుండేలా చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.

ఇంకొక్క మాట. సంఖ్యాకాండం 8:25–26 ప్రకారం యాభై ఏళ్లు నిండిన లేవీయుడు బరువు పని మానేసి, తోటివాళ్ల పక్కన నిలబడి కాపలా చూసేవాడు. మన సంఘాల్లో మాత్రం సువార్త కూటాలకు పందిరి గుంజలు పాతేవాళ్లు, కరెంటు పోతే జనరేటరు స్టార్ట్ చేసేవాళ్లు, కూటం అయ్యాక మైకు వైర్లు చుట్టేవాళ్లు, చాపలు దులిపేవాళ్లు చాలాచోట్ల యాభై దాటి, అరవై దాటి కూడా ఒంటరిగా చేస్తూనే ఉన్నారు. మా బాబాయికి ఇప్పుడు మోకాళ్లు సరిగా వంగడం లేదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ సంఘంలో అలాంటివాళ్లు ఎవరో ఈ ఆదివారం కనుక్కోండి. పేరు తెలుసుకోండి. పక్కన నిలబడి పని నేర్చుకుని, ఆ బరువు మీరు అందుకోండి.