భయానక సంగీతంలో ప్రార్థనా స్వరం

గాథిక్ భయానక చిత్రాల నేపథ్య సంగీతం తన సరంజామాలో చాలా భాగాన్ని చర్చి నుంచే తెచ్చుకుంటుంది. పైప్ ఆర్గాన్, గంటల మోత, లాటిన్ బృందగానం, మృతుల ఆత్మశాంతి కోసం పాడే బాణీలు, ఇవన్నీ ఆరాధనలో పెరిగినవే. రక్తపిశాచాలు తిరిగే కథకు దేవుణ్ని కొలిచే గొంతుతో పనేమిటన్నది పైకి సంగీతానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. తరచి చూస్తే అది పవిత్రతకూ భయానికీ మధ్య ఉన్న చుట్టరికాన్ని గురించిన ప్రశ్న.

ఈ అరువుకు పేరుమోసిన ఉదాహరణ ‘డియెస్ ఈరే’. తుది తీర్పు దినాన్ని వర్ణించే ఈ లాటిన్ గీతాన్ని 13వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ సన్యాసి థామస్ ఆఫ్ చెలానో రాశాడని సంప్రదాయం చెబుతుంది. కాథలిక్కుల మృతుల పూజలో శతాబ్దాల పాటు దీన్ని పాడారు. 1830లో ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ తన ‘సింఫనీ ఫాంటాస్టిక్’ చివరి భాగంలో, మంత్రగత్తెల అర్ధరాత్రి సంబరం నడుమ, ఈ బాణీని గంటల మోతతో కలిపి వినిపించాడు. 1980 నాటి ‘ది షైనింగ్’ చిత్రం మొదట్లో కొండదారిన ఒంటరిగా పోయే కారు వెనక వెండీ కార్లోస్, రేచల్ ఎల్‌కైండ్ సింథసైజర్‌పై వినిపించినదీ ఇదే. అప్పటికి పదేళ్ల కిందటే, రెండవ వాటికన్ మహాసభ తర్వాతి సంస్కరణల్లో, మృతుల పూజ నుంచి ఈ గీతాన్ని చర్చి తొలగించింది.

ఈ బాణీలోని మొదటి ఎనిమిది స్వరాలను కర్ణాటక పద్ధతిలో చెప్పుకుంటే ‘గ రి గ స, రి ని స స’ అవుతాయి. సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం, కైశికి నిషాదం, అంటే ఖరహరప్రియకు చెందిన స్వరాలే. భయం ఆ స్వరాల్లోనే ఉంటే ఖరహరప్రియ విన్నవాళ్లంతా వణికిపోవాలి. త్యాగరాజు భక్తితో ఎన్నో కృతులు కట్టిన రాగమది. గమకం, కాలప్రమాణం, సందర్భం మారితే రసమే మారిపోతుంది. కాబట్టి ‘డియెస్ ఈరే’ పుట్టించే భయంలో పెద్ద వాటా జ్ఞాపకానిది. ఐరోపాలో తరతరాల వాళ్లు దాన్ని శవపేటిక పక్కన నిలబడి విన్నారు.

అయితే జ్ఞాపకం ఒక్కటే సమాధానమైతే కొత్త బాణీలు భయపెట్టకూడదు. 1976 నాటి ‘ది ఓమెన్’ కోసం జెర్రీ గోల్డ్‌స్మిత్ ‘ఆవే సాతానీ’ అనే బృందగానం కట్టాడు. పూజలో వాడే లాటిన్ మాటల ధోరణిని తలకిందులు చేసి సాతానును కీర్తించే పాట అది. అంతకుముందు ఏ శవసంస్కారంలోనూ అది వినిపించలేదు. అయినా ఆ చిత్ర సంగీతం గోల్డ్‌స్మిత్‌కు ఆస్కార్ తెచ్చిపెట్టింది, లాటిన్ ముక్క రాని ప్రేక్షకుణ్ని కూడా హడలగొట్టింది. అనేక గొంతులు ఒక్కటై, అర్థంకాని భాషలో, కంటికి కనబడని దేన్నో పిలుస్తుంటే వినేవాడికి తన అల్పత్వం తెలిసొస్తుంది. ఆ అనుభూతికి పాత జ్ఞాపకాల ఊతం అక్కర్లేదు.

జర్మన్ మతతత్త్వవేత్త రుడాల్ఫ్ ఓటో 1917లో వెలువరించిన ‘దాస్ హైలిగే’ గ్రంథం ఈ అనుభూతినే పరిశీలించింది. ఓటో లెక్కలో పవిత్రతకు నీతి, దయ తరవాత వచ్చి చేరిన గుణాలు. వాటికి ముందున్నది గగుర్పాటు. అది మనిషిని వణికిస్తుంది, వణికిస్తూనే తన వైపు లాక్కుంటుంది. దయ్యాల భయం ఆ గగుర్పాటు నుంచే దారితప్పి మొలిచిన కొమ్మ అని ఆయన అభిప్రాయం. ఓటో చూపిన ఉదాహరణల్లో భగవద్గీత పదకొండో అధ్యాయం ఒకటి. విశ్వరూపం చూపమని అడిగిన అర్జునుడు, అది చూశాక తట్టుకోలేక మునుపటి రూపం చూపమని వేడుకుంటాడు. కృష్ణుడు సౌమ్యరూపం ధరించి ఊరడిస్తాడు. భయపెట్టినదీ అభయమిచ్చినదీ ఒక్కరే.

పోలిష్ స్వరకర్త వోయిచెఖ్ కిలార్ (1932–2013) రచనలు ఈ మాటకు చెవులతో వినగల సాక్ష్యం. ఆయన భక్తుడైన కాథలిక్కు. ‘ఎక్సోడస్’ (1981)లో ఒకే బాణీని తిప్పి తిప్పి వినిపిస్తూ వాద్యాలను పెంచుకుంటూ పోతాడు. మేరీ మాత ప్రార్థనకు సంగీతం కట్టిన ‘ఆంజెలుస్’ (1984)లో బృందం జపమాల తిప్పుతున్నట్టు అదే ప్రార్థనను మళ్లీ మళ్లీ ఉచ్చరిస్తుంది. 1992లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కపోలా ‘డ్రాకులా’ చిత్రానికీ ఆయన ఈ పద్ధతినే వాడాడు. పిశాచాన్ని వేటాడే ఘట్టాల సంగీతంలో మంద్రస్థాయిలో ఒక చిన్న స్వరగుచ్ఛం పట్టు వదలకుండా తిరుగుతూ, వాద్యం మీద వాద్యం చేరుతూ హోరెత్తుతుంది. జపానికి పనికొచ్చిన ఆవృత్తే వేటకూ పనికొచ్చింది. కిలార్ సమకాలికుడు పెండెరెట్స్కీ విషయంలో ఇది మరీ విచిత్రంగా జరిగింది. క్రీస్తు సమాధినీ పునరుత్థానాన్నీ గానం చేసే ఆయన ‘ఉత్రెన్యా’లో, పునరుత్థాన భాగంలోని సంగీతాన్ని స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’లో భయానికి వాడుకున్నాడు.

ఇంత భయాన్ని జనం టికెట్టు కొని మరీ ఎందుకు వింటారన్నది దీని వెంటే వచ్చే ప్రశ్న. 1757లో తత్త్వచింతకుడు ఎడ్మండ్ బర్క్ దీనికి ఒక జవాబు చెప్పాడు. ప్రమాదం మరీ మీదికి రానంతవరకు భీతిలో ఒక ఆనందం ఉంటుంది. హఠాత్తుగా మొదలయ్యే ధ్వని, ఆగి ఆగి వణుకుతూ వచ్చే సన్నని ధ్వని అలాంటి భీతిని పుట్టిస్తాయని కూడా ఆయన రాశాడు. తొలి గాథిక్ నవల అనిపించుకున్న హొరేస్ వాల్‌పోల్ ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ ఆ తర్వాత ఏడేళ్లకు, 1764లో వచ్చింది. బర్క్‌కు ఎంతో ముందే భరతుడి నాట్యశాస్త్రం భయానక రసానికి విభావాలుగా, అంటే దాన్ని పుట్టించే కారణాలుగా, వికృతధ్వనులను, నక్కల ఊళలను, గుడ్లగూబ కూతలను, పాడుబడ్డ ఇళ్లను చెప్పింది. ఆ శాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు మరో మెట్టు ఎక్కాడు. శాకుంతలంలో దుష్యంతుడి బాణానికి బెదిరి పరుగెత్తే లేడిని చూస్తున్నప్పుడు, ఆ భయం లేడిదీ కాదు, ప్రేక్షకుడిదీ కాదు. ‘నాది’, ‘వాడిది’ అనే హద్దు చెరిగిపోయి భయం ఆస్వాదనీయమవుతుంది. బర్క్ దూరాన్ని నమ్ముకున్నాడు, అభినవగుప్తుడు మమకారం సడలడాన్ని. మనిషికి ముఖం ఉంటుంది, పేరు ఉంటుంది. సంగీతానికి అవేమీ లేవు కనుక అందులోని భయాన్ని ఎవరికీ అంటగట్టలేం. అందువల్ల అభినవగుప్తుడి వివరణ దానికి బాగా నప్పుతుంది.

ప్రార్థనకూ భయానక సంగీతానికీ తేడా ధ్వనిలో కన్నా ముగింపులో ఎక్కువ. ‘ది ఓమెన్’ చివర దుష్టశక్తే గెలుస్తుంది, సాతాను కీర్తనే మిగులుతుంది. వణికించిన గొంతు చివరిదాకా అభయమివ్వదు. కపోలా ‘డ్రాకులా’ ఇందుకు ఎదురుగా నడుస్తుంది. భార్య ఆత్మకు మోక్షం లేదన్న పూజారి మాటకు రగిలి దేవుణ్ని ధిక్కరించిన ప్రార్థనా మందిరంలోనే నాయకుడు చివరకు శాంతి పొందుతాడు. వేట సంగీతం స్థానంలోకి ప్రేమ బాణీ వస్తుంది. భయం, ఆకర్షణ, అభయం మూడూ కలిస్తే ఆరాధన పూర్తవుతుంది. మూడోదాన్ని ఆపి మొదటి రెండిటినే సాగదీస్తే గాథిక్ సంగీతం పుడుతుంది. భక్తుడైన స్వరకర్త తన విద్యను మార్చుకోకుండానే పిశాచ కథకు సంగీతం కట్టగలగడానికి కారణం ఇదే.