ముందుగదిలో వీణ

మధ్యతరగతి ఇంటి ముందుగదిని ఎలా అలంకరించుకోవాలనేది ఒక విమర్శ వ్యాసానికి తగిన విషయమా అని కొందరికి సందేహం కలగవచ్చు. కాని మనిషి తన ఇంట్లో అక్కరకురాని వస్తువును దేన్ని, ఎందుకు పెట్టుకుంటాడనే ప్రశ్నలో అతని సౌందర్యదృష్టీ, వర్గదృష్టీ రెండూ కలిసి బయటపడతాయి. అన్నం వండుకునే గిన్నెను అవసరం ఎంపిక చేస్తుంది. బీరువామీద పెట్టుకునే బొమ్మను మనిషి ఎంపిక చేస్తాడు. ఎంపిక వున్నచోట నీతిప్రశ్న కూడా వుంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో కాస్త చదువూ, నెలజీతమూ వున్న ఇళ్లలో తరచు కనబడే అలంకార వస్తువులు మూడున్నాయి. అద్దాలపెట్టెలో బొబ్బిలి వీణ నమూనా ఒకటి. మొక్క పెట్టుకునే బుడితి ఇత్తడి కుండీ ఒకటి. చట్రం కట్టిన సవర చిత్రం ఒకటి. మూడూ ఈ ప్రాంతానివే. విశేషమేమిటంటే, మూడింటిలో ఏ ఒక్కటీ మొదట అలంకారం కాదు.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనసదుంగను తొలిచి, కుండనూ దండినీ విడివిడిగా చేసి అతకకుండా, ఒకే మానులో చెక్కటం వారి పనితనం. దానికి 24 మెట్లు అమర్చి, ఏడు తంత్రులు బిగిస్తేనే అది వీణ. అది పలకాలి. పలక్కపోతే ఎంత నగిషీ వున్నా కట్టెతో సమానం. సారవకోట మండలంలోని బుడితిలో రాగికి తగరం కలిపి కంచూ, తుత్తునాగం కలిపి ఇత్తడీ పోతపోసి చెంబులు, గిన్నెలు, గంటలు చేసేవారు. కంచానికి ఆకలితోనూ, గంటకు గుడితోనూ సంబంధం వుండేది. ఇక సవరల గోడచిత్రం ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండితో వేసేది. మనుషులు, సూర్యచంద్రులు, చెట్లు, జంతువులు అందులో వుంటాయి. చచ్చిపోయినవారి కోసమూ, రోగం పోవటానికీ, పంట పండటానికీ ఆ చిత్రాన్ని వేసి, పూజచేసి, పితృదేవతను అందులోకి పిలుస్తారు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిత్రాలను గురించి వివరంగా రాశాడు. అవి చూసి ఆనందించటానికి కాదు, పిలవటానికి వేసినవి.

స్వరం కోసం పుట్టిన వీణ, కూడు కోసం పుట్టిన పాత్ర, చచ్చినవారి కోసం పుట్టిన చిత్రం ముందుగదిలోకి వచ్చేసరికి మూడింటి పనీ ఒకటే అయింది. వచ్చిన అతిథికి కనబడటం. ఈ మార్పును ఎలా అర్థం చేసుకోవాలి?

మన విద్యార్థి మిత్రుల్లో కొందరికి దీనికి సిద్ధంగా ఒక జవాబు వుంది. అలంకారం బూర్జువా విలాసం, కూడు లేనివాళ్లు కోట్లమంది వుండగా గోడకు బొమ్మ తగిలించటం తప్పు అని. ఈ వాదాన్ని ఇంతకన్న బలంగా వియన్నాకు చెందిన వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలోనే చెప్పాడు. అలంకారం పనివాడి కాలాన్నీ ఆరోగ్యాన్నీ వృథా చెయ్యటమని అతని వాదం. వాదంలో నిజం లేకపోలేదు. కాని అదే లోస్ తన చెప్పులు కుట్టేవాడు జోడుమీద వేసే నగిషీని మాత్రం ఒప్పుకున్నాడు. ఎందుకంటే అది ఆ మనిషికి వున్న సంతోషం. ఈ ఒక్క ఒప్పుకోలుతో సిద్ధాంతం సగం కూలిపోయింది. అలంకారంవల్ల చేసేవాడికి సంతోషం కలగగలిగితే, నేరం అలంకారంలో లేదు. ఆ సంతోషాన్ని అతనికి లేకుండా చేసిన ఏర్పాటులో వుంది.

అలంకారం ధనికుల సొత్తు అనటం వాస్తవానికి కూడా విరుద్ధం. పూరింటి అరుగుకు ఎర్రమట్టి అలికి, సున్నంతో చుక్కలు పెట్టే స్త్రీకి బ్యాంకులో డబ్బు లేదు. సంక్రాంతి ముగ్గు పిండి ఖర్చును ఏ అర్థశాస్త్రమూ అవసరాల కింద జమకట్టదు. అయినా ఆమె వేస్తుంది. మనిషి బతకటంతో తృప్తిపడడు, బతుకు తనదని గుర్తు పెట్టుకుంటాడు. ఆ గుర్తే అలంకారం. పేదవాడి ఇంట్లో అందాన్ని మెచ్చుకుని, మన ఇంట్లో అందాన్ని పాపమనుకోవటం విప్లవం కాదు, సన్యాసం.

రెండో జవాబు మంచి మనసున్న ఉద్యోగస్తులది. ఈ వస్తువులు కొనటంవల్ల చేతిపనివారు బతుకుతున్నారు గనుక కొనటమే సేవ అని. ఇందులోనూ కొంత నిజం వుంది. అల్యూమినియం, స్టీలు పాత్రలు వచ్చాక కంచు గిన్నె అడిగే ఇల్లు తగ్గిపోయింది. బుడితి పనివాడికి పూలకుండీ దిక్కయింది. పలికే వీణ చెయ్యటానికి రోజుల తరబడి శ్రమ కావాలి, నేర్చుకునేవాళ్లు కొద్దిమంది. చిన్న వీణ త్వరగా తయారవుతుంది, సన్మానసభలన్నిటికీ కావాలి. దాన్ని చూసి కళ దిగజారిందని పెదవి విరిచేవాడు పనివాడి పొయ్యిలోని పిల్లిని చూడనివాడు. వీణ నేర్చుకోవటం మానేసింది మనం. బొమ్మవీణ చేసినందుకు తప్పు అతనిది ఎలా అవుతుంది?

అయితే కొనటమే సేవ అనుకోవటంలో ఒక మోసం దాగివుంది. పలికే వీణ అడిగే వైణికుడు పనివాడికి సమానుడు. నాదం బాగాలేదంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు, ఇద్దరికీ తెలిసిన విషయం ఒకటుంటుంది. బొమ్మవీణ కొనేవాడికి కావలసింది బీరువా అరకు సరిపోయే కొలత. అర కొలతే వీణ కొలత అయింది. పనివాడి చెవికి పని లేకుండాపోయింది. మార్క్స్ 1867లో ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో సరుకును గురించి చెప్పినది ఇక్కడ కళ్లకు కడుతుంది. మనుషుల మధ్య వుండవలసిన సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనబడుతుంది. బొమ్మవీణ ధర మనకు తెలుసు. దాన్ని చెక్కిన చెయ్యి తెలియదు.

ఇంగ్లండులో విలియం మోరిస్‌కు ఈ చిక్కు మనకన్న ముందే ఎదురైంది. యంత్రాల అనాకారి సరుకుకు విరుగుడుగా అతను అందమైన గోడకాగితాలూ, బట్టలూ, సామానూ చేయించాడు. వాటిని కొనగలిగింది ధనవంతులే. అందం అంగడిలో సమకూడదనీ, శ్రమ స్వభావమే మారాలనీ గ్రహించి, 1883లో అతను సోషలిస్టు ఉద్యమంలో చేరాడు. అంతమాత్రాన గోడకాగితాల అచ్చులు తగలబెట్టలేదు. అందాన్ని వదులుకోకుండానే దాన్ని అందరిదీ చెయ్యటానికి పూనుకున్నాడు.

సవర చిత్రం దగ్గర ప్రశ్న మరింత కఠినమవుతుంది. మన ఇంటి తద్దినంలో పెట్టిన పిండాన్ని ఎవరో పరాయివాడు ముచ్చటపడి గాజుపెట్టెలో పెట్టుకున్నాడనుకోండి. మనకెలా వుంటుంది? పితృదేవతను పిలిచిన గోడను సోఫా రంగుకు జతగా ఎంచుకోవటం అటువంటిదే కదా అని అడగవచ్చు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. కాని ఇక్కడ సవరలు ఏమంటున్నారన్నది ముఖ్యం. గుడ్డమీదా, కాగితంమీదా అమ్మకానికి బొమ్మలు వేస్తున్నది వారే. ఆ కాగితంలోకి వారు ఏ దేవతనూ పిలవలేదు. ఒడిశా సరిహద్దు గ్రామాల్లో చాలామంది క్రైస్తవులై, పితృపూజతోపాటు గోడచిత్రాన్నీ వదిలేశారని పియర్స్ విటెబ్‌స్కీ 2017లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు. ఏది వుంచుకోవాలో, ఏది అమ్ముకోవాలో, ఏది వదలాలో నిర్ణయించుకునే హక్కు వారిది. గిరిజనుడు మారకుండా మన కోసం పూర్వంలాగే వుండిపోవాలని కోరటం, అతణ్ణే మ్యూజియం వస్తువుగా చెయ్యటం అవుతుంది.

మరి తప్పు ఎక్కడుంది? చిత్రం కొనటంలో లేదు. చిత్రంతోనే మన బాధ్యత తీరిపోయిందనుకోవటంలో వుంది. ఆ చిత్రంలో చేతులు పట్టుకుని ఆడుతున్న మనుషులకు ఒక చరిత్ర వుంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్లు మహాసభకు పోతున్న గిరిజనులమీద భూస్వాముల పక్షంవారు కాల్పులు జరపగా కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ గిరిజనులను కూడగట్టిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. 1970 జూలై 10న వారు పోలీసు కాల్పుల్లో మరణించారు. గిరిజనుల భూమి పరాయిపాలు కాకుండా 1959లో చేసిన రెగ్యులేషన్‌ను 1970లో 1/70తో బిగించవలసివచ్చింది. గోడమీద సవర చిత్రం పెట్టుకుని, దాని కిందనే కూర్చుని 1/70 చట్టం అభివృద్ధికి అడ్డమని వాదించే పెద్దమనిషికి ఏ వైరుధ్యమూ తోచదు. అతను చిత్రంలోని మనుషులను అలంకారంగానే చూశాడు. చిత్రం అతనికి తెర అయింది.

దీనికి ఎదురుగా గిడుగు రామమూర్తిగారి ఉదాహరణ వుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వుంటూ ఆయన సవరల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లల చదువుకు పాటుపడ్డారు. 1931లో సవరభాషా వ్యాకరణాన్ని ప్రచురించారు. సవరల దగ్గర నుంచి ఆయన తన ఇంటికి తెచ్చుకున్నది వారి మాట. మాట తెచ్చుకున్నవాడు జవాబు కూడా చెప్పవలసివుంటుంది. బొమ్మ తెచ్చుకున్నవాడికి ఆ బాధ లేదు.

కనుక ఇంట్లో ఏమి పెట్టుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. వాడదగిన వస్తువును వాడండి. కంచు గిన్నెలో అన్నం తినటం దాన్ని బీరువాలో నిలబెట్టటంకన్న దానికి గౌరవం. పిల్లలకు వీణ చెప్పించగలిగితే పలికే వీణే కొనండి. పనివాడి పేరూ, ఊరూ, పని తెలుసుకుని కొనండి. జౌళిదుకాణంలో నోరెత్తకుండా బిల్లు కట్టి, చేతిపనివాడి దగ్గర పదిరూపాయలకు గీసిగీసి బేరమాడే అలవాటు మానండి. ఇవి చిన్న పనులు. వీటితో వర్గసమాజం మారదు. అయినా చిన్న పని చెయ్యనివాడు పెద్ద పనికి ఉపన్యాసం ఇస్తే వినేవాడికి నమ్మకం కుదరదు.

పెద్ద పని వేరే వుంది. వీణ చెక్కేవాడి కూతురికి వీణ నేర్చుకునే తీరిక వుండాలి. పాత్ర పోతపోసేవాడు అందులో కడుపునిండా తినాలి. సవర రైతు గోడ అతనిదై, గోడ నిలిచిన నేలా అతనిదై, దానిమీద ఏమి రాయాలో, రాయకుండా ఎందుకు వదిలేయాలో అతనే తేల్చుకోగలగాలి. అభ్యుదయవాదులం అందానికి వ్యతిరేకులం కాము. అందం చేసేవాడి ఇంట్లో అందం వుండకూడదనే ఏర్పాటుకు వ్యతిరేకులం. ఆ ఏర్పాటు మారేదాకా మన ముందుగదిలోని ప్రతి చేతిపని వస్తువుమీదా మనం తీర్చవలసిన బాకీ ఒకటి వుంటుంది. వస్తువును తుడిచి పెట్టుకున్నంత శ్రద్ధగా ఆ బాకీని కూడా గుర్తు పెట్టుకోవటం నేర్చుకోవాలి.