సర్దుకుపోవడం ఎవరి పని?

అడాప్టివ్ సాఫ్ట్‌వేర్ అంటే నడుస్తుండగానే పరిస్థితిని బట్టి తన తీరు మార్చుకునే ప్రోగ్రాం అని క్లాసులో చెప్తూ, తేలిగ్గా అర్థమవుతుందని ‘సర్దుకుపోయేది’ అన్నాను. వెనక బెంచీలో ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. అత్తగారింటికి వెళ్లే ప్రతి పిల్లకీ మనం చెప్పి పంపే మాట అదే కదా!

ఆ నవ్వుతో మా పెద్దమ్మ గుర్తొచ్చింది. గురజాల దగ్గర పల్లె. ఏటేటా మిరపకాయలు కోసీ, తొడిమలు తీసీ ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. మన రాష్ట్రంలో 2015లో రేషన్ షాపుల్లోకి ఈ-పాస్ యంత్రాలు వచ్చాక వేలిముద్ర పడితేనే బియ్యం. ఒక నెల మూడు రోజులు తిరిగింది. “మిషనుకి నా ఏలు గుర్తు లేదంటనే అమ్మాయ్! నలభై ఏళ్లనించీ ఈ ఏలుతోనే గదా కాయ కోస్తంది!” అంది.

పాఠాలు చెప్పడానికి రాకముందు నేనూ ఇలాంటి ప్రోగ్రాములు రాశాను. వేలిముద్ర మూడుసార్లు పడకపోతే ఫోనుకి ఓటీపీ పంపే ఏర్పాటు చేసి, ఎంత తెలివైన పనో అని మురిసిపోయాను. షాపులో పెద్దమ్మకీ అదే దారి చూపించారు. ఆధార్‌కి ఇచ్చిన నంబరు పెదనాన్నది. ఆయన పోట్లాడి మాచర్లలో చెల్లెలింటికి పోయి కూర్చున్నాడు. నంబరు చెప్పమని అడగాలంటే ముందు తను పలకరించాలి. నేను రాసిన ఏ షరతులోనూ ఈ పోట్లాట లేదు.

2003లో ఐబీఎం పరిశోధకులు కెఫార్ట్, చెస్ తమను తామే చూసుకునే వ్యవస్థలకి ఒక చక్రం గీశారు: గమనించు, విశ్లేషించు, పథకం వెయ్యి, అమలు చెయ్యి. వేటిని గమనించాలో మాత్రం ప్రోగ్రాం నడవకముందే మాలాంటి వాళ్లం తేల్చేస్తాం. 1987 నాటి తన పుస్తకంలో లూసీ సచ్‌మన్ ఒక జిరాక్సు మిషను ముందు తికమకపడే మనుషుల్ని చూపించింది. వాళ్లు మాట్లాడుకునేదేదీ మిషనుకి అందదు. నొక్కిన మీట, తెరిచిన మూతే దానికి లోకం.

అయితే మిషనుకి ఇంకా ఎక్కువ చూపు ఇవ్వాలా? ఒకప్పుడు అవుననేదాన్ని. మరి పెద్దమ్మ ఇంట్లో గొడవ సర్కారు యంత్రానికి ఎందుకు తెలియాలి?

2017 అక్టోబరులో ఆధార్ సంస్థ ఇచ్చిన సర్క్యులరు వేరే మాట చెప్పింది: వేలిముద్రా, ఓటీపీ ఏదీ కుదరకపోతే కార్డు చూసి, రాసుకుని సరుకు ఇవ్వండి అని. అంటే యంత్రం పక్కకి తప్పుకోవాలి. మా వృత్తిలో దీన్ని ఓటమి అంటారు. నేను అననుగానీ, దీన్ని మెచ్చుకోవడానికీ భయమే. పుస్తకం చేతిలో ఉన్న డీలరు ఎవరికి రాస్తాడో, ఏ వాడవాళ్లని ఎండలో నిలబెడతాడో మనకి తెలియనిది కాదు. అసలు యంత్రం వచ్చిందే ఆ పుస్తకంలో దొంగలెక్కలు ఆపాలని. అయినా డీలరుతో పదిమంది వినేలా పోట్లాడొచ్చు. ‘సరిపోలలేదు’ అన్న అక్షరాలతో ఎవరు పోట్లాడతారు?

నాలుగో రోజు పెద్దమ్మ బియ్యం తెచ్చుకుంది. పక్కింటి వాళ్ల ఫోను అడిగి, ముందు తనే పలకరించిందట.